డాడీ, మరి నీ ర్యాంక్ ఎంత?
హాఫ్ మారథాన్ టైమ్‌లతో ఇంట్లోనే ఒక లెక్కల పాఠం



ఆగస్టు వచ్చిందంటే హైదరాబాద్‌లో మారథాన్ సందడి మొదలవుతుంది. ఒక ఆదివారం తెల్లవారుజామునే నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర జనం చేరతారు. ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ గచ్చిబౌలి స్టేడియం దాకా పరుగెత్తుతారు. సాయంత్రానికి మీ అపార్ట్‌మెంట్ గ్రూపులోనో, ఆఫీసు గ్రూపులోనో మెడల్ ఫోటోలు వస్తాయి. ఆ ఫోటో కింద ఒక టైమ్ ఉంటుంది. ఈ నెల పాఠం ఆ టైమ్ గురించే.

దీన్ని రాయడానికి కారణం మొన్నటి పేరెంట్ టీచర్ మీటింగ్. తొమ్మిదో తరగతి చదివే ఒక అబ్బాయి, వాళ్ల నాన్నగారు నా ముందు కూర్చున్నారు. రిపోర్టు తెరిచే ముందు నాన్నగారు సంతోషంగా ఫోన్ చూపించారు. "సార్, హాఫ్ మారథాన్ చేశాను. 2 గంటల 14 నిమిషాలు. పోయినేడు 2 గంటల 18." నేను అభినందించాను. తర్వాత ఆయన రిపోర్టు చూశారు. లెక్కల్లో పోయిన పరీక్షకు 61, ఈసారి 68. ర్యాంక్ మాత్రం 9 నుంచి 14కు వెళ్లింది. ఆయన ముఖం మారిపోయింది. "ఏంట్రా ఇది? పద్నాలుగా?" అన్నారు. అబ్బాయి కాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు: "డాడీ, మరి నీ ర్యాంక్ ఎంత?"

వాడు ఎదురు చెప్పాలని అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నాన్నగారికి తన ర్యాంక్ గుర్తులేదు. వేలల్లో ఉందని మాత్రం తెలుసు. ఆ ప్రశ్నకు జవాబు మన పిల్లల స్టాటిస్టిక్స్ పాఠంలోనే ఉంది.

21.0975 ఎక్కడిది?

హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు, పూర్తి మారథాన్ 42.195లో సరిగ్గా సగం. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు విండ్సర్ కోట దగ్గర మొదలై స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగిసింది. ఆ దూరాన్నే 1921లో ప్రామాణికంగా ఖాయం చేశారు.

రోడ్డును కొలిచే పద్ధతి మీ పిల్లలకు నచ్చుతుంది. సైకిల్ చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న పరికరం బిగించి, ముందుగా కొలిచి పెట్టుకున్న దూరం మీద తొక్కి సరిచూసుకుంటారు. తర్వాత పరుగు దారంతా తొక్కుతారు. కొలతలో పొరపాటు వచ్చినా దారి తక్కువ కాకూడదని కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున కలుపుతారు. హాఫ్ మారథాన్‌కు అది దాదాపు 21 మీటర్లు. కొలతలో ఎప్పుడూ కొంత తేడా ఉంటుందని ఒప్పుకుని, దానికి ముందే చోటివ్వడం సైన్సులో మొదటి పాఠం.

గన్ టైమ్, చిప్ టైమ్

పెద్ద నగర పరుగులో ఒకే మనిషికి రెండు టైమ్‌లు ఉంటాయి. పరుగు మొదలైందని సంకేతం ఇచ్చిన క్షణం నుంచి లెక్కించేది గన్ టైమ్. మనిషి బిబ్ వెనకాలో, బూటుకో ఉన్న చిప్ స్టార్ట్ గీత దగ్గరి మ్యాట్ దాటిన క్షణం నుంచి లెక్కించేది చిప్ టైమ్. వేలమంది ఒకేసారి గీత దాటలేరు. వెనక వరుసలో ఉన్నవాళ్లు గీత దగ్గరికి రావడానికే ఐదారు నిమిషాలు పట్టవచ్చు.

ఒకావిడ గన్ టైమ్ 2:04:10, చిప్ టైమ్ 1:58:02 అనుకుందాం. తేడా 6 నిమిషాల 8 సెకన్లు. ఆ సమయమంతా ఆవిడ జనం మధ్య నిలబడి ఉన్నారు, పరుగెత్తలేదు. బహుమతులకు, రికార్డులకు సాధారణంగా గన్ టైమే లెక్క. ఆవిడ ఎంత బాగా పరుగెత్తారో తెలియాలంటే మాత్రం చిప్ టైమ్ చూడాలి.

మన తరగతుల్లోనూ స్టార్ట్ గీతకు దూరంగా నిలబడిన పిల్లలుంటారు. ఏడో తరగతి దాకా ఊళ్లో తెలుగు మీడియంలో చదివి, ఎనిమిదిలో మా దగ్గర చేరినవాళ్లు ఉంటారు. జ్వరంతో నెల రోజులు బడికి రానివాళ్లు ఉంటారు. ర్యాంక్ లిస్టు అందరికీ గన్ టైమే వేస్తుంది.

పదకొండు మంది పట్టిక

ఇప్పుడు పెన్ను, కాగితం తీసుకోండి. మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. లెక్క కోసం మేం తయారుచేసిన పదకొండు మంది టైమ్‌లు ఇవి, నిమిషాల్లో:

98, 112, 118, 119, 119, 127, 134, 141, 152, 168, 197

తెలుగు మీడియంలో చదివిన తల్లిదండ్రులకు అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం గుర్తుండే ఉంటాయి. మీ పిల్లలు వాటినే మీన్, మీడియన్, మోడ్ అంటారు. మాటలు వేరైనా లెక్క ఒకటే. ఈ పాఠంలో మీరు వాళ్లకు నిశ్చింతగా సాయం చేయవచ్చు.

మొత్తం కూడితే 1485. పదకొండుతో భాగిస్తే మీన్ 135 నిమిషాలు. వరుసలో సరిగ్గా మధ్యలో ఉన్న ఆరో సంఖ్య 127, అదే మీడియన్. ఎక్కువసార్లు వచ్చిన 119 మోడ్.

ఇప్పుడు ఒక ప్రశ్న అడగండి: సగటు కంటే వేగంగా వచ్చినవాళ్లు ఎంతమంది? చాలామంది పిల్లలు "సగం మంది" అంటారు. లెక్కపెట్టండి. 135 కంటే తక్కువ టైమ్ ఏడుగురిది. పదకొండు మందిలో ఏడుగురు సగటు కంటే మెరుగు! పరుగు టైమ్‌లు రెండు వైపులా సమానంగా పరుచుకోకపోవడమే దీనికి కారణం. వేగానికి మనిషి ఒంట్లోనే ఒక హద్దు ఉంది. నెమ్మదికి అలాంటి హద్దు లేదు, నిర్వాహకులు పెట్టే గడువు తప్ప. అందుకే పట్టికకు కుడివైపు తోక పొడవుగా సాగుతుంది, సగటును తన వైపు లాగుతుంది.

చివరి మనిషికి కాలు పట్టేసి, నడుచుకుంటూ 197కు బదులు 230 నిమిషాలకు వచ్చారనుకోండి. మీన్ 138 అవుతుంది. మీడియన్ 127 దగ్గరే ఉంటుంది. కాలు పట్టేసింది ఒక్కరికే, మారింది పదకొండు మంది సగటు. "క్లాస్ యావరేజ్ ఎంత సార్?" అని అడిగేటప్పుడు, "మీడియన్ ఎంత?" అని కూడా అడగండి. మాకూ మంచిదే, లెక్కవేసి చెబుతాం.

ర్యాంక్ మారింది, టైమ్ మారలేదు

134 నిమిషాల మనిషిని చూడండి. మీటింగ్‌కు వచ్చిన నాన్నగారి టైమ్ కూడా అదే. ఈ పట్టికలో ఆ మనిషి ర్యాంక్ 7. జేఈఈ మెయిన్‌లో 2019 నుంచి ఇస్తున్న పర్సంటైల్ పద్ధతిలో చూద్దాం. మనతో సమానంగా గానీ, మనకంటే వెనక గానీ ఉన్నవాళ్లు నూటికి ఎంతమంది అన్నదే పర్సంటైల్. 134, 141, 152, 168, 197 కలిపి ఐదుగురు. ఐదును పదకొండుతో భాగించి వందతో గుణిస్తే 45.45. ఇది నూటికి వచ్చిన మార్కు కాదు, వరుసలో చోటు. పర్సంటేజీ, పర్సంటైల్ ఒకటే అనుకుని ఇంట్లో పిల్లల్ని కోప్పడినవాళ్లు మనలో ఉన్నారు.

ఇప్పుడు 105 నిమిషాల్లో వచ్చిన పన్నెండో మనిషిని చేర్చండి. 134 మనిషి ర్యాంక్ 8కి, పర్సంటైల్ 41.67కు పడిపోతాయి. ఆయన మాత్రం ఒక్క సెకను కూడా నెమ్మదించలేదు. ర్యాంక్ చెప్పేది మన పక్కన ఎవరు పరుగెత్తారో. మనం ఎలా పరుగెత్తామో చెప్పేది టైమ్.

ఏ రోడ్డు మీద, ఏ వాతావరణంలో?

అలాగని టైమ్ కూడా ఒక్కటే అన్నీ చెప్పదు. 2024 అక్టోబరులో స్పెయిన్‌లోని వలెన్సియాలో ఇథియోపియా రన్నర్ యోమిఫ్ కెజెల్చా హాఫ్ మారథాన్‌ను 57 నిమిషాల 30 సెకన్లలో ముగించాడు. 2021లో లిస్బన్‌లో జేకబ్ కిప్లిమో పెట్టిన రికార్డుకు ఒకే ఒక్క సెకను తగ్గించాడు. కిలోమీటరుకు దాదాపు 2 నిమిషాల 43 సెకన్లు. అంటే 100 మీటర్లు 16 సెకన్ల పైచిలుకులో, ఆగకుండా 211 సార్లు! మహిళల్లో లెటెసెన్‌బెట్ గిడే 2021లో వలెన్సియాలోనే 62 నిమిషాల 52 సెకన్లు చేసింది. మన అవినాశ్ సాబ్లే 2020 నవంబరులో ఢిల్లీలో 60 నిమిషాల 30 సెకన్లతో జాతీయ రికార్డు పెట్టాడు.

వలెన్సియా రోడ్లు చదును, అక్కడ అక్టోబరు చల్లన. హైదరాబాద్ ఆగస్టు ఉక్క, దారంతా ఎత్తుపల్లాలు. ఆ రెండు టైమ్‌లను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అందుకే రికార్డుకు దారి మొత్తం మీద కిలోమీటరుకు ఒక మీటరు కంటే ఎక్కువ వాలు ఉండకూడదనే నియమం కూడా ఉంది. మార్కులూ అంతే. పేపర్ తేలికైతే అందరి మార్కులూ పెరుగుతాయి. 61 నుంచి 68 అయిందని వెంటనే సంబరపడనక్కర్లేదు, ర్యాంక్ 14 అయిందని దిగులుపడనక్కర్లేదు. లోపలికి చూడాలి.

రన్నర్లు లోపలికి చూసే పద్ధతిని స్ప్లిట్స్ అంటారు. 134 నిమిషాల్లో వచ్చిన ఇద్దరిని తీసుకుందాం. ప్రతి 5 కిలోమీటర్లకు, చివరి కిలోమీటరు చిల్లరకు పట్టిన నిమిషాలు ఇవి:

మొదటి మనిషి: 29, 30, 32, 35, 8
రెండో మనిషి: 32, 32, 32, 31, 7

ఇద్దరిదీ ఒకే టైమ్. కానీ ఒకరు మొదట్లోనే ఉరికి చివర్లో అలసిపోయారు. ఇంకొకరు ఓపిక దాచుకున్నారు. ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఒకరికైనా నష్టమే.

రెండు గంటల గీత

హాఫ్ మారథాన్ చేసే మామూలు రన్నర్లలో చాలామంది లక్ష్యం "రెండు గంటల లోపు". అంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు. అమెరికాకు చెందిన నలుగురు పరిశోధకులు దాదాపు కోటి మారథాన్ టైమ్‌లను పరిశీలించి 2017లో ఒక పత్రం ప్రచురించారు. మూడు గంటలు, నాలుగు గంటలు లాంటి గుండ్రటి అంకెలకు కాస్త ముందు టైమ్‌లు గుంపుగా చేరడం, అంకె దాటగానే పలచబడటం అందులో కనిపించింది.

3:59కీ 4:01కీ ఒంటి శక్తిలో పెద్ద తేడా లేదు. తేడా మనసులో ఉంది. గీత అందేలా కనిపిస్తే మనిషి చివర్లో ఇంకాస్త బలం తీస్తాడు. పిల్లలకు దగ్గర్లో ఒక గీత పెట్టడం అందుకే మంచిది. 61 వచ్చిన పిల్లవాడికి 70 గీత అందేలా కనిపిస్తుంది. మొదటి ర్యాంక్ గీత పెడితే పరుగే మానేయవచ్చు.

ఇంట్లో చేయండి

1. 134 నిమిషాల్లో ముగించినవారికి కిలోమీటరుకు సగటున ఎంత సమయం పట్టింది?
2. పదకొండు మంది పట్టికలో మొదటి మనిషి 98కి బదులు 87 నిమిషాల్లో వస్తే మీన్ ఎంత? మీడియన్ ఎంత?
3. మీ పిల్లల గత మూడు పరీక్షల పేపర్లు తీయండి. మొత్తం మార్కులు పక్కన పెట్టి, ఒక్కో అధ్యాయంలో వచ్చిన మార్కులు రాయండి. ఇవే వాళ్ల స్ప్లిట్స్.

జవాబులు: 1) దాదాపు 6 నిమిషాల 21 సెకన్లు. 2) మీన్ 134, మీడియన్ 127. 3) ఇది మీ దగ్గరే ఉంది.

మూడో ప్రశ్నను ఆ రోజు మేం ముగ్గురం కలిసి చేశాం. అబ్బాయి పోయినసారి జ్యామితి ప్రశ్నలు మూడూ వదిలేశాడు. ఈసారి రెండు రాశాడు, రెండూ సరిగ్గా రాశాడు. బీజగణితంలో మాత్రం తొందరపడి గుర్తులు తప్పు వేశాడు. రిపోర్టులో ర్యాంక్ గడిని పెద్దగా వేసి, ఇవేవీ చూపించనిది మేమే. ఆ మాట ఆయనతో ఒప్పుకున్నాను, మీతోనూ ఒప్పుకుంటున్నాను.

నాన్నగారు కాసేపు పేపర్ చూసి కొడుకు వీపు మీద చెయ్యి వేశారు. "రేపట్నుంచి పొద్దున నాతో పాటు లే. నేను రోడ్డు మీదికి, నువ్వు బీజగణితానికి" అన్నారు. అబ్బాయి నవ్వాడు. "నా ర్యాంక్ కూడా చూసి చెప్తాలే" అని ఆయన లేచారు.

వచ్చే మీటింగ్‌కు మీరూ మీ పిల్లల స్ప్లిట్స్ తెచ్చుకోండి. కలిసి చూద్దాం.

— మీ లెక్కల సార్