దీపం-2 సిలిండరుకీ నల్లమల నేలకీ ఉన్న లంకె

కోయిలకుంట్ల మండల లబ్ధిదారులకు: 2024 నవంబరు 1న మొదలైన దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఇది పొగ, ఖర్చుల సంగతి మాత్రమే అనుకోకండి.

మన చేలకి డీఏపీ మూట ఉంది. అడవికి వేసేదెవరు? రాలిన ఆకే దాని ఎరువు. నల్లమలలో ఎండాకాలం ఆకు ఎండి పడుంటుంది, వానలు పడ్డాకే చెదలు, బూజు కలిసి దాన్ని మట్టి చేస్తాయి. ఈ లోపలే మనం చేయి పెడుతున్నాం.

లావు మాను చేవలో కంటే సన్న పుల్లల్లో, బెరడులో నత్రజని, సున్నం, పొటాష్ పాలు ఎక్కువ. మోపుకి మనం ఏరేది ఆ పుల్లలే. మేకలు అడవిలో మేసి దొడ్లో పెంట వేస్తాయి, ఆ పెంట చేలోకి పోతుంది. చేనికి లాభం, అడవికి అప్పు.

నిప్పు ఇంకా చెడ్డది. ఆకులోని నత్రజని చాలావరకు గాలిలో కలుస్తుంది, బూడిద వాలు నేలల్లో తొలి వానకే కొట్టుకుపోతుంది. ఆ ఏడు గడ్డి పచ్చగా లేస్తుంది కాబట్టి మేలు జరిగిందనిపిస్తుంది, అంతే. ఏటా కాలిస్తే నేల చౌడవకపోయినా చప్పబడుతుంది.

మూడో సిలిండరు గడువు డిసెంబరు నుంచి మార్చి వరకు. అడవిలో ఆకు రాలడం మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. బుక్ చేయడం మరవకండి.