దీర్ఘకాల కాలేయ వ్యాధి – అర్ధశక్తి వ్యాయామము

గత వేసవిలో నలుబదియైదేండ్ల రైతు ఒకరు సతీసమేతముగా నా వద్దకు వచ్చిరి. రక్తదాన శిబిరములో ఇచ్చిన రక్తమును పరీక్షింపగా హెపటైటిస్ బి ఉన్నదని తెలిసినదట. కామెర్లు లేవు, ఆకలి తగ్గలేదు. అయినను ఇంటివారు ఎనిమిది మాసములుగా ఆయనను పొలమునకు పోనీయలేదు. “కాలేయం చెడిన మనిషి కదలకూడదు కదండీ!” అని ఆ ఇల్లాలు అన్నది. ఈ లోపల ఆయన పొట్ట పెరిగినది, తొడల కండ తగ్గినది. కాలేయమున కొవ్వు చేరినట్లు స్కానింగులో కనబడినది. వైరస్ చేయని కీడును మంచము చేసినది.

ఈ భయమునకు మూలము లేకపోలేదు. వాత పిత్త రోగులకు, అజీర్ణము గలవారికి వ్యాయామము తగదని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున చెప్పెను. కామెర్లు పిత్తప్రధాన వ్యాధి. కన్నులు పచ్చబడి, వాంతులు, జ్వరము ఉన్నన్నాళ్ళు విశ్రాంతియే సరియైనది. కాని బి, సి వైరస్‌లు ఆరు మాసములు దాటి దేహమున నిలిచినచో అది దీర్ఘవ్యాధి. పది రోజుల పథ్యమును పదేండ్లు సాగదీయుట వైద్యము కాదు.

ఆ వాగ్భటుడే బలముగల వారిని సైతము తమ శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయుమనెను. అదియు శీతకాలమునను వసంతమునను. తక్కిన ఋతువులలో ఇంకను తక్కువ. మన రోహిణి ఎండలను ఎరిగినవారికి ఇందలి మర్మము వేరుగా చెప్పనక్కరలేదు. సగము శక్తిని కొలుచుట ఎట్లు? నుదుట, చంకలలో చెమట పట్టి, నోరు ఎండసాగినచో హద్దు వచ్చినదని గ్రహింపవలెను. మా గురువుగారు మరింత సులువుగా చెప్పెడివారు: “ప్రక్కవానితో మాటలాడుచు నడువుము, మాట తెగినచోట ఆగుము.”

నడకవలన వైరస్ నశించదు. ఆ భ్రమ వలదు. సి రకమునకు నేడు సాధారణముగా పన్నెండు వారముల మాత్రలతో నయము చేయుచున్నారు. బి రకమునకు క్రమము తప్పని పరీక్షలు, అవసరమైన వారికి మాత్రలు ఉండవలసినదే. నేల ఉసిరి రసము త్రాగుచు వీనిని మానువారిని చూచి నేను చింతించుచుందును. 1988లో మద్రాసు పరిశోధన ఆ మూలికపై గొప్ప ఆశ కల్పించినను, తరువాతి పరిశోధనలలో ఆ ఫలితము నిలువలేదు.

మరి నడకవలన లాభమేమి? కాలేయమున చేరిన కొవ్వు తగ్గును. అంతకు మించినది కండబలము. రక్తములోని అమోనియా అను విషపదార్థమును తొలగించుట కాలేయము పని. అది నీరసించినపుడు ఆ భారమును కండలు కొంత మోయును. కండ కరిగిన రోగికి మగత, మతిమరపు త్వరగా వచ్చుటకు ఇదియొక కారణము.

మొదట పది నిమిషములతో ఆరంభించి, క్రమముగా రోజుకు అరగంట, వారమునకు ఐదు రోజులు నడువవలెను. కాలేయము గట్టిపడినవారు పరగడుపున నడువరాదు. కొంచెము రాగిజావయైనను త్రాగవలెను. అన్నవాహికలో సిరలు ఉబ్బినవారు బరువులెత్తరాదు. పొట్టలో నీరు, మగత ఉన్నవారు వైద్యుని అనుమతి లేక ఏ వ్యాయామమును ఆరంభింపరాదు. రక్తపు వాంతియో, తారువంటి నల్లని విరేచనమో అయినచో ఏ ఇంటి మందును వెదుకక, ఆ క్షణముననే ఆసుపత్రికి పోవలెను.

ఆ రైతు కాలేయము ఇంకను గట్టిపడలేదు. ఇపుడాయన తెల్లవారుజామున చెరువుగట్టు వరకు నడచి వచ్చి, పిదప పొలమునకు పోవుచున్నాడు. ప్రక్కన మాటలకు ఆ ఇల్లాలే తోడు.