ఫైలు ఎవరి చేతిలో ఉంది?

"మా బిడ్డ మంచిగ చదువుతది మేడం. కాకపోతే జర ధైర్యం తక్కువ. దూరం పంపాల్నంటే భయమైతంది."

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో ఈ మాట వినపడని పూట ఉండదు. కొండగట్టు అంజన్న దర్శనం చేసుకొని, గుట్ట దిగి, నాచుపల్లిలోని జేఎన్టీయూ కాలేజీ ఎట్లుందో ఓసారి చూసి, అటు నుంచి అటే చదువుల సలహా కోసం నా దగ్గరికి వచ్చే కుటుంబాలు చాలానే ఉంటాయి. మొన్న వచ్చిన తండ్రీ అట్లాగే వచ్చారు. నుదుటన సిందూరం, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. కూతురు ఆయన భుజం వెనకాల నిలబడింది.

"ర్యాంకెంత వచ్చిందమ్మా?" అని ఆ అమ్మాయినే అడిగాను. తండ్రి చెప్పారు. "ఏ సబ్జెక్టంటే ఇష్టం?" అన్నాను. దానికీ తండ్రే చెప్పారు. సరే, కౌన్సెలింగ్ లాగిన్ తెరవండి, చూద్దామన్నాను. పాస్‌వర్డ్ నెట్ సెంటర్ అతనికి తెలుసట. ఓటీపీ వాళ్లన్న ఫోనుకు వస్తుందట. ఆ అన్న సిరిసిల్లలో పనిమీద ఉన్నాడు, ఫోనెత్తలేదు. అరగంట ఆగాం. ఆ అరగంటలో ఆ పిల్ల ఒక్కసారి కూడా ఫైలు ముట్టుకోలేదు. అందులో ఉన్నవన్నీ ఆమె మెమోలే.

ఆ పిల్లకు ధైర్యం తక్కువని తండ్రి చెప్పిన మాట అబద్ధమని నేననను. అయితే అది ఎట్లా తక్కువైందో నా కళ్లముందే కనిపిస్తోంది. ముందు ధైర్యం రావాలి, ఆ తర్వాతే బయటికి పంపాలి అన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయింది. మన ఊళ్లలో మగపిల్లలకు ఈత ఎట్లా నేర్పేవాళ్లో గుర్తుందా? నడుముకు బెండ్లు కట్టి బావిలో దింపేవాళ్లు. నాలుగు రోజులు నీళ్లు మింగేవాడు, అయిదో రోజు తేలేవాడు. ఆడపిల్లను మాత్రం ఒడ్డున కూర్చోబెట్టి, "దీనికి ఈత రాదు" అని మనమే పదిమందికి చెప్పుకుంటాం.

బ్యాంకులో ఫారం నింపేది నాన్న. బస్సులో తోడు వచ్చేది తమ్ముడు. ఆ తమ్ముడికి పన్నెండేళ్లు, అక్కకు పద్దెనిమిది. సర్టిఫికెట్లో పేరు తప్పు పడితే ఆఫీసు చుట్టూ తిరిగేది మేనమామ. ఇవన్నీ ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. కానీ మనిషికి నమ్మకం కుదిరేది ఇలాంటి చిన్న పనులతోనే. వాటన్నిటినీ ఆమె చేతుల్లోంచి తీసేసుకొని, చివరికి ఇరవై ఒకటో ఏట ఇంటర్వ్యూలో నోరు పెగల్లేదని బాధపడితే ఎట్లా?

ఇక్కడే ఒక వ్యాపారం పుట్టుకొచ్చింది. నలభై అయిదు రోజుల్లో స్పోకెన్ ఇంగ్లిష్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్, కాన్ఫిడెన్స్, అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. పొదుపు సంఘంలో అప్పు తీసి కూతురిని అలాంటి చోట చేర్పించిన ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. పిల్ల అద్దం ముందు నిలబడి తన గురించి పది వాక్యాలు తడుముకోకుండా చెబుతుంది. పదకొండోది అడిగితే ఆగిపోతుంది. ఆ తల్లి ఇంకో కోర్సు ఏదైనా ఉందా అని అడిగింది. వద్దమ్మా, ఆ డబ్బు దాచుకో, వారానికి రెండుసార్లు పిల్లను ఒక్కదాన్నే కరీంనగర్ పంపు అన్నాను. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. కొండగట్టు స్టేజీ నుంచి కరీంనగర్ సుమారు 35 కిలోమీటర్లు. లైబ్రరీకి వెళ్లాలి, బ్యాంకులో పని చూసుకోవాలి, దారి తెలియకపోతే అడగాలి, సాయంత్రానికి ఇంటికి రావాలి. ఏ శిక్షణ సంస్థా ఇంతకన్నా మంచి కోర్సు పెట్టలేదు.

సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష సంగతి నేను ప్రతి తండ్రికీ చెబుతాను. ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివింది. 2019లో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, కానీ ఆడవాళ్లు పనికిరారన్నారు. హైకోర్టు దాకా వెళ్లి పరీక్ష రాసే హక్కు తెచ్చుకుంది. రాతపరీక్ష అయ్యాక అసలు గండం స్తంభమెక్కడం. ఎనిమిది మీటర్ల స్తంభం. ఊళ్లో ముందే ఎక్కి దిగి సాధన చేసింది కాబట్టి 2020 డిసెంబరులో అందరూ చూస్తుండగా నిమిషంలో ఎక్కేసింది. రాష్ట్రంలో తొలి మహిళా లైన్‌మన్‌గా ఉద్యోగంలో చేరింది. మొదటిసారి స్తంభం పట్టుకున్న రోజు ఆమె కాళ్లు వణికే ఉంటాయి. ఆ వణుకు పోయిందాకా ఆగి ఉంటే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

మన పొరుగు నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి పద్నాలుగేళ్లు నిండలేదు. కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. ఆమె మొదట ఎక్కింది భువనగిరి గుట్ట. తర్వాత డార్జిలింగ్, లడఖ్. ఒక్కో మెట్టుకు ఒక్కో పిడికెడు ధైర్యం.

ఇక ఈ ఏటి సీట్ల తొక్కిసలాట గురించి. ఆడపిల్ల అనగానే సీఎస్‌ఈ, అంటే కంప్యూటర్ సైన్స్. ఎందుకంటే "ఏసీ గదిలో కూసొని చేసే కొలువు, సేఫ్" అంటారు. పిల్లకు కంప్యూటర్ మీద మనసుంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ లెక్కల్లో సంతోషంగా ఉండే పిల్లనూ, మోటారు విప్పి చూడాలని ఉబలాటపడే పిల్లనూ అదే దొడ్డిలోకి తోలుతున్నారు. ర్యాంకు చాలకపోతే మేనేజ్‌మెంట్ కోటా. రెండెకరాలు అమ్మి, ఊరూపేరూ లేని కాలేజీలో ఆ మూడక్షరాల కోసం సీటు కొంటున్నారు. ఒక్క మాట గుర్తుంచుకోండి: మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కన్వీనర్ సీటైనా బీసీ, ఈబీసీ పిల్లలకు మామూలుగా పదివేల లోపు ర్యాంకుకే పూర్తి ఫీజు, అది దాటితే 35,000 రూపాయలు. మిగతాది మీ జేబులోంచే. పొలం అమ్మిన సంగతి పిల్లకు తెలుసు. క్యాంపస్ ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు ఆ పొలం ఆమె నెత్తిన ఉంటుంది. ఆ బరువుతో ఏ పిల్ల మాట్లాడగలదు?

నన్నడిగితే, మోటారు విప్పి చూడాలనిపించే పిల్లలకు పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ నాకు ఎక్కువ ఇష్టం. పాలిసెట్ రాసి చేరితే మూడేళ్లలో డిప్లొమా, కావాలంటే ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాది. పద్దెనిమిదేళ్లకే చేతిలో పని ఉంటుంది. కరీంనగర్‌లో అమ్మాయిలకే ప్రత్యేకంగా ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. వ్యవసాయం ఇష్టమైతే జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ విశ్వవిద్యాలయం కాలేజీ ఉంది. మల్యాల పొలాల గట్ల మీద స్కూటీ ఆపి, పైటకొంగు నడుముకు దోపి, వరి కర్రల్లో తెగులు చూసి రైతుకు మందు చెప్పే ఏఈఓ అమ్మాయిలను మీరంతా చూసే ఉంటారు. వాళ్లు చెబుతున్నంతసేపూ అరవై ఏళ్ల రైతు నోరు మెదపకుండా వింటాడు.

సాంకేతిక చదువుల్లో చేరిన ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఇంటికి ఇద్దరు ఆడపిల్లల దాకా తీసుకోవచ్చు. తల్లికి బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ఉంటే దానికి వేరే స్కాలర్‌షిప్ ఉంది. రెండూ జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే దరఖాస్తు చేయాలి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చేయని ఊరు లేదు, కానీ ఈ కార్డును పిల్ల చదువుకు వాడినవాళ్లు నాకు కనిపించేది తక్కువ. ట్రంకు పెట్టెలో పడి ఉంటుంది.

ట్రిపుల్ ఈ, మెకానికల్ ఆడపిల్లకెందుకు అంటారు. రామగుండం ఎన్టీపీసీ మన పక్కనే ఉంది. భూగర్భ గనుల్లో ఆడవాళ్లు పనిచేయకూడదన్న పాత నిషేధాన్ని కేంద్రం 2019లో సడలించింది. సాంకేతిక, పర్యవేక్షణ కొలువుల్లో పగటివేళ దిగేందుకు అప్పుడు అనుమతిచ్చింది. గోదావరిఖనిలో బొగ్గు మన నాన్నల తరం నుంచీ తవ్వుతున్నారు. ఆ తలుపు ఆడపిల్లలకు ఇప్పుడిప్పుడే తెరుచుకుంది. ఇప్పుడు చదివినవాళ్లే ముందు లోపలికి వెళ్తారు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టల్ గదులు. డిగ్రీ అవగానే "గ్రూప్స్ కొట్టాలె" అని హైదరాబాద్ పంపిస్తారు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది, ప్రశ్నపత్రం లీకైందని 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు, హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషన్నే తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. 2022 డిసెంబరులో వచ్చిన గ్రూప్-2కు పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. ఈ రెండున్నరేళ్లు మగపిల్లవాడు పోగొట్టుకున్నది డబ్బూ కాలమూ. ఆడపిల్ల అయితే ప్రతి పండక్కీ ఇంటికి వచ్చినప్పుడల్లా "ఇంకెన్నాళ్లు?" అన్న మాట పడింది. మూడో పండక్కి సంబంధం ఖాయం చేశారు. పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టి వెళ్లిన పిల్లలు నాకు తెలుసు. వాళ్లలో తెలివి తక్కువవాళ్లు ఒక్కరూ లేరు.

మెట్‌పల్లి అనుదీప్‌లాగా కావాలంటారు. 2017 సివిల్స్‌లో దురిశెట్టి అనుదీప్‌కు దేశంలోనే మొదటి ర్యాంకు వచ్చింది నిజమే. అది ఆయన అయిదో ప్రయత్నం, అప్పటికే ఐఆర్‌ఎస్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఈ రెండో ముక్క ఎవరూ చెప్పరు. నా సలహా మారదు: ముందు ఏదో ఒక కొలువు, నెలకు కొంత సొంత డబ్బు, ఆ తర్వాత గ్రూప్స్. టీ-శాట్ పాఠాలు ఉచితం, కరీంనగర్ బీసీ స్టడీ సర్కిల్ ఉచితం. తన జీతంతో పుస్తకం కొనుక్కున్న పిల్ల పరీక్ష వాయిదా పడితే ఏడుస్తుంది, మర్నాడు డ్యూటీకి వెళ్తుంది. కూలిపోదు.

నర్సింగ్ చదివిన పిల్లలకు ఒక హెచ్చరిక. గల్ఫ్ ఏజెంట్ల చేతిలో మన జగిత్యాల జిల్లా ఎంత నష్టపోయిందో వేరే చెప్పక్కర్లేదు. విదేశాలకు వెళ్లాలనుకుంటే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారానే వెళ్లండి. జర్మనీకి నర్సులను భాష నేర్పించి మరీ పంపుతోంది.

ఉద్యోగంలో చేరాక మొదటి ఆరు నెలలు అమ్మానాన్నలకు పరీక్ష. పిల్ల ఫోన్లో ఏడుస్తుంది. మేనేజర్ అందరి ముందూ అరిచాడని, హాస్టల్ అన్నం తినలేకపోతున్నానని. "వచ్చెయ్ బిడ్డా, మనకేం తక్కువ" అని మీరు అన్నారంటే అక్కడితో కథ ముగుస్తుంది. వినండి, "ఇంకో నెల చూడు" అనండి. అయితే ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే ఓర్చుకోమని మాత్రం ఎప్పుడూ చెప్పకండి. పదిమంది ఉద్యోగులున్న ప్రతిచోటా 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఉండాలి. చేరిన రోజే ఆ కమిటీలో ఎవరున్నారో అడిగి రాసుకోమనండి.

ధైర్యానికి ఉదాహరణ కావాలంటే ఎవరెస్టు దాకా కూడా వెళ్లక్కర్లేదు. మన మల్యాల మండలం లంబాడిపల్లి గంగవ్వ పెద్దగా చదువుకోలేదు, బీడీలు చేసింది, కూలికి పోయింది. యాభై దాటాక యూట్యూబ్ కెమెరా ముందు నిలబడి మన భాషలోనే మాట్లాడి రాష్ట్రమంతా గెలుచుకుంది. అందరినీ యూట్యూబ్ ఛానెల్ పెట్టమని నేననడం లేదు, ఆ మోజులో చదువు ఆపేసిన పిల్లలనూ చూశాను. భర్త దుబాయిలో ఉంటే, ఒళ్లో చాట పెట్టుకొని తునికాకు కత్తిరిస్తూ, పొలం కౌలు లెక్క, పిల్లల ఫీజు, అత్త మందులు, బ్యాంకు వాయిదా ఒంటిచేత్తో నడిపిన ఆడవాళ్లు మన ప్రతి వాడకట్టులో ఉన్నారు. ఆ పనులన్నీ మీద పడినప్పుడు వాళ్లను ఎవరూ ధైర్యం ఉందా అని అడగలేదు. మీ బిడ్డ అలాంటి తల్లి కడుపున పుట్టిందే.

మొన్నటి అమ్మాయి సంగతి. ఫోన్ నంబరు మార్పించుకోవాలంటే హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లాలి. "నేను పోయొస్త" అన్నారు తండ్రి. వద్దు, ఆమెనే పంపండి, మీరు ఇంట్లో ఉండండి అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి కొత్త నంబరు నుంచి నాకు ఫోన్ చేసింది. మొదట తప్పు కౌంటర్లో నిలబడిందట, గంట పోయిందట. ఆప్షన్లలో ట్రిపుల్ ఈ పైకి జరపొచ్చా అని అడిగింది. ఆమె ఇష్టమేంటో నాకు తెలిసింది అప్పుడే.

తల్లిదండ్రులారా, ఈసారి కౌన్సెలింగ్‌కు వచ్చేటప్పుడు ఫైలు మీ బిడ్డ చేతికే ఇవ్వండి. ఓటీపీ ఆమె ఫోనుకే రానివ్వండి. నేను అడిగిన ప్రశ్నకు ఆమె జవాబు చెప్పేదాకా కాస్త ఓపిక పట్టండి.