మరుపును కొలుస్తారా?

బాన్సువాడ దగ్గర ఒక పల్లె. అక్కడ ఒక అక్క బీడీలు చేస్తుంది. ఆమె భర్త మేస్త్రీ. ఏళ్ళ తరబడి తాగుతున్నాడు.

ఒకరోజు బియ్యం తెమ్మని 500 రూపాయలు ఇచ్చింది. సాయంత్రం అడిగితే "చెల్లెకు ఇచ్చిన" అన్నాడు. చెల్లె ఊర్లోనే లేదు. కాని 20 ఏళ్ళ కింద కట్టిన ఇంటి కొలతలు తప్పు లేకుండా చెప్పాడు.

"అబద్ధాలకోరు" అన్నారు కొందరు. "గాలి సోకింది" అన్నారు ఇంకొందరు. అక్క ఎవరి మాటా వినలేదు. భర్తను డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

"ముందు మందులిచ్చి తాగుడు మాన్పిద్దాం. కొన్ని వారాలు పోయాక పరీక్ష చేద్దాం. మత్తులో కొలిస్తే లెక్క తప్పుతుంది" అన్నాడు డాక్టరు.

"ఆయనకు చదువు రాదు సారూ. పరీక్ష ఎట్ల రాస్తడు?"

"ఇది రాసే పరీక్ష కాదమ్మా. నోటితో చెప్పేది."

పరీక్ష ఇట్లా ఉంటుంది. మూడు పేర్లు చెబుతారు: చెట్టు, కుండ, ఎద్దు. కొంచెంసేపు వేరే మాటలు మాట్లాడి, ఆ పేర్లు మళ్ళీ అడుగుతారు. ఇది జ్ఞాపకం కొలిచే పద్ధతి. "ఆవుకు, మేకకు పోలిక ఏమిటి?" అని అడుగుతారు. ఇది తెలివి కొలిచే పద్ధతి. 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో, చదువు రాని పెద్దల కోసమే డాక్టర్లు ఇట్లాంటి పరీక్ష తయారుచేశారు.

మేస్త్రీకి తెలివి బాగుంది. కొత్త సంగతే మనసులో నిలవడం లేదు.

ఎందుకు? బాగా తాగేవాళ్ళు సరిగా తినరు. తిన్నా, బి1 విటమిన్ ఒంటికి పట్టదు. అది తగ్గితే మెదడు దెబ్బతింటుంది. మరిచిన చోట మెదడే ఏదో మాట కల్పిస్తుంది. అది కావాలని ఆడే అబద్ధం కాదు. త్వరగా బి1 సూదిమందు ఇస్తే, తాగుడు మానితే, కొందరు కోలుకుంటారు. ఆలస్యమైతే మరుపు ఉండిపోవచ్చు.

ఒక జాగ్రత్త! తాగుడు ఒక్కసారిగా మాన్పించవద్దు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లును అడ్డుకున్నారు. కల్లు దొరకక చాలామందికి వణుకు, ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రుల్లో చేరారు. డాక్టరు చెప్పినట్టే మాన్పించాలి.

ఇప్పుడు ఆ అక్క భర్తను తిట్టడం మానింది. ఎవరికి ఎంత ఇచ్చిందో నోటుబుక్కులో రాసుకుంటుంది. నేర్చుకున్న అక్షరం ఆ ఇంటికి జ్ఞాపకమైంది.

చర్చించండి:
1. మత్తులో ఉన్నప్పుడు పరీక్ష ఎందుకు చేయరు?
2. చదువు రాకపోతే తెలివి లేనట్టేనా?
3. మీ ఊర్లో ఇట్లాంటి మనిషి ఉంటే మీరేం చేస్తారు?