గెలిచిందెవరు? పాస్‌వర్డ్ ఎవరి దగ్గర?

నైజీరియాలో అభ్యర్థికి డబ్బు, టికెట్, మనుషుల్ని సమకూర్చి, గెలిచాక పదవుల్లో, కాంట్రాక్టుల్లో వాటా అడిగే పెద్దమనిషిని 'గాడ్‌ఫాదర్' అంటారు. మా బ్రాంచి భాషలో చెప్పాలంటే గవర్నర్ యూజర్, ఆయన అడ్మిన్.

2003లో అనాంబ్రా రాష్ట్రానికి క్రిస్ ఎన్‌గిగే గవర్నర్ అయ్యారు. గాడ్‌ఫాదర్ క్రిస్ ఉబాతో చెడింది. జులై 10న పోలీసులే గవర్నర్‌ని నిర్బంధించారు! 2006లో అప్పీల్ కోర్టు, అసలు గెలిచింది పీటర్ ఒబీ అని తేల్చింది. అంటే దాదాపు మూడేళ్లు జనం ఓటు లెక్కలోకే రాలేదు.

అదే రాష్ట్రంలో 2021 గవర్నర్ ఎన్నికల్లో సుమారు 24.6 లక్షల ఓటర్లలో బూత్‌కి వచ్చింది రెండున్నర లక్షల మందే. వేర్పాటువాద గొడవల భయమూ కారణమే. కానీ నా ఓటు దేన్నీ మార్చదని ఒకసారి అనిపించాక, ఇంట్లో కూర్చోడానికి ఏ సాకైనా చాలు.

ఓటర్లకి బద్ధకం అనేముందు ఒక్కటి ఆలోచిద్దాం: ఇన్‌పుట్ తీసుకోని ప్రోగ్రామ్‌లో ఎవరైనా ఎన్నిసార్లు టైప్ చేస్తారు?