భాష తెలియని పాట

తమిళనాడులో తంజావూరుకు సమీపాన, కావేరీ తీరంలో తిరువయ్యారు అనే ఊరు ఉంది. త్యాగరాజస్వామి (1767–1847) జీవితంలో అధికభాగం అక్కడే గడిచింది. ఆయన సమాధి కూడా అక్కడే ఉంది. ఏటా పుష్య బహుళ పంచమినాడు వందలాది విద్వాంసులు ఆ సమాధి చెంత బారులు తీరి కూర్చొని, పంచరత్న కీర్తనలను ఏకకంఠంతో గానం చేస్తారు. వాటిలో మొదటిది సంస్కృతంలోను, తక్కిన నాలుగు తెలుగులోను ఉన్నాయి. అయితే పాడేవారిలోను, వినేవారిలోను చాలామందికి తెలుగు రాదు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. సాహిత్యాన్ని ఆ లిపిలో వ్రాసుకొని, గురుముఖతః విని పలుకు దిద్దుకొన్నవారు ఎందరో! అయినా పాట సాగుతుంటే వారి కన్నులు చెమరుస్తాయి. అర్థం తెలియని మాటకు హృదయం ఎందుకు ద్రవిస్తుంది?

పాటలో మాట ఒక భాగం మాత్రమే. స్వరం, లయ, కంఠంలోని ఆర్ద్రత నిఘంటువు సాయం లేకుండానే మనస్సును చేరతాయి. ఊయలలోని పసిపాపకు జోలపాట అర్థం తెలియదు. అయినా హాయిగా నిదురిస్తుంది. 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 60 దేశాల శ్రోతలకు తమకు పరిచయం లేని సమాజాల పాటలను 14 సెకన్ల చొప్పున వినిపించారు. జోలపాటలను, నృత్యగీతాలను వారు చాలావరకు గుర్తించగలిగారు. ప్రేమగీతాలను మాత్రం అలా గుర్తించలేకపోయారు.

దీనినిబట్టి స్వరానికి ఉన్న శక్తితోపాటు దాని పరిమితి కూడా తెలుస్తున్నది. పంచరత్నాలలో ఆరభి రాగ కీర్తన 'సాధించెనే'ను చూడండి. రాగం వినేవారికి ఉత్సాహం కలుగుతుంది. కాని భగవంతుడు తన పంతమే నెగ్గించుకొన్నాడని భక్తుడు చనువుతో దెప్పిపొడుస్తున్న సంగతి తెలుగు తెలిసినవారికే అందుతుంది. ఆ దెప్పులోని ప్రేమ స్వరంలో సగం, మాటలో సగం ఉంది.

తాము వినే పాట తమకు అర్థం కావాలని కోరుకోవడం సహజం. కచేరీలలో తమిళ గీతాలకు తగిన స్థానం ఉండాలని 1940వ దశకంలో సాగిన 'తమిళ ఇసై' ఉద్యమం ఈ కోరిక నుండి పుట్టినదే. 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. అయినా తమిళులు త్యాగరాజును విడువలేదు. నేటికీ తిరువయ్యారులో ఆ తెలుగు మాటలు మారుమ్రోగుతూనే ఉన్నాయి.

భాష రానివారు చెవితో నేర్చి, కంఠంలో దాచుకొన్న సంపద అది. భాష వచ్చిన మనం మాత్రం మాటలు తెలిసినవే కదా అని తరచు వినీ విననట్లు దాటిపోతాము. తిరువయ్యారులో కన్నీరు తుడుచుకొంటున్న ఒక శ్రోత మనవైపు తిరిగి, "ఈ చరణానికి అర్థమేమిటి?" అని అడిగితే, మనం చెప్పగలమా?

ప్రశ్నలు
1. అర్థం తెలియని పాట మనస్సును ఎలా కదిలిస్తుంది?
2. స్వరం చెప్పలేనిది, మాట చెప్పగలిగినది ఏమిటి? పాఠంలోని ఉదాహరణతో వివరించండి.
3. మీకు తెలియని భాషలో మీరు విన్న ఒక పాటను గురించి పది వాక్యాలు వ్రాయండి.