రెండు భాషల నగరం, ఒక హాకీ జట్టు

హాకీ అనగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలేది పచ్చిక మైదానం, పదకొండు మంది ఆటగాళ్లు, ధ్యాన్‌చంద్ పేరు. కెనడా దేశంలో ఆ మాటకు మంచు మీద ఆడే ఆట అనే అర్థం. అక్కడి మాంట్రియల్ కెనడియన్స్ అనే వృత్తి క్రీడాకారుల జట్టు 1976 అక్టోబరు నుండి 1977 మే వరకు నడిపిన సీజనును ఈ వ్యాసంలో పరిశీలించదలచాము. ఉర్దూ, తెలుగు తరగతులు ఒకే కప్పు కింద నడిచే కళాశాలలోని మనకు ఈ దూరదేశపు వృత్తాంతంలో కొంత పరిచితమైన విషయం కనిపిస్తుందని మా నమ్మకం.

ముందుగా ఆట స్వరూపం. సుమారు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు గల మంచు తలం. దాని చుట్టూ పలకల గోడ. బంతికి బదులు 3 అంగుళాల వ్యాసం, 1 అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ళ. దానిని పక్ అంటారు. గోల్‌కీపరుతో కలిపి ఒక్కొక్క జట్టుకు ఆరుగురే మంచు మీద ఉంటారు. ఆట వేగం వల్ల ఆటగాడు ఒక విడతకు సుమారు ఒక నిమిషమే ఆడగలడు. ఆట ఆగకుండానే అలసినవారు గోడ దాటి బయటికి వస్తే, సేద తీరినవారు లోపలికి దూకుతారు. ఇరవేసి నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఆనాటి నియమాల ప్రకారం గెలుపుకు 2 పాయింట్లు, సమానంగా ముగిస్తే 1.

ఆ ఏడు జాతీయ హాకీ లీగులో 18 జట్లు ఉండేవి. ఒక్కొక్క జట్టు 80 ఆటలు ఆడాలి. మాంట్రియల్ జట్టు 60 గెలిచి, 12 సమానం చేసి, 8 మాత్రమే ఓడింది; మొత్తం 132 పాయింట్లు. రెండవ స్థానంలో నిలిచిన ఫిలడెల్ఫియాకు 112. మాంట్రియల్ వేసిన గోల్స్ 387, ఇచ్చినవి 171. ఈ అంకెలన్నింటి కంటె మమ్మల్ని ఆశ్చర్యపరిచినది మరొకటి. సొంత క్రీడామందిరమైన ఫోరంలో ఆ జట్టు ఓడినది ఒకే ఒక్క ఆట, అక్టోబరు 30న బోస్టన్ చేతిలో. ఆ పిదప సీజను ముగిసేవరకు అక్కడ 34 ఆటలలో ఓటమి ఎరుగదు.

పాయింట్ల రికార్డును 2022–23లో బోస్టన్ జట్టు 135తో అధిగమించింది. కాని అదే జట్టు తరువాతి నాకౌట్ పోటీల మొదటి అంచెలోనే ఫ్లోరిడా చేతిలో ఓడిపోయింది. లీగు పట్టికలో ప్రథమస్థానం వేరు, స్టాన్లీ కప్పు వేరు. మాంట్రియల్ ఆ ఏడు రెండూ సాధించింది.

ఈ విజయానికి పునాది ఆరేళ్ల ముందే పడింది. జట్టు వ్యవహారాలు నడిపిన శామ్ పొలాక్ 1970లో ఒక బలహీనమైన కాలిఫోర్నియా జట్టుతో బేరం కుదుర్చుకొని, మరుసటి ఏడు కొత్త ఆటగాళ్లను ఎన్నుకోవడంలో ఆ జట్టుకు రావలసిన వంతును తాను సంపాదించారు. అలా లభించినవారే గీ లాఫ్లూర్. 1976–77లో ఆయన 56 గోల్స్ వేసి, మరి 80 గోల్స్‌కు తోడ్పడ్డారు. ఆయనతో కలిసి ఆడిన స్టీవ్ షట్ 60 గోల్స్ వేశారు. గోల్‌కీపరు కెన్ డ్రైడెన్ న్యాయశాస్త్ర పట్టభద్రులు. 1973–74లో ఆట మానివేసి న్యాయవాది కార్యాలయంలో పని నేర్చుకొన్నవారు. ఆయనకు విశ్రాంతి కావలసినప్పుడల్లా నిలబడిన మిషెల్ లరోక్‌ను లోకం అంతగా తలచుకోదు. ఆయన పేర 19 గెలుపులకు 2 ఓటములే. శిక్షకులు స్కాటీ బౌమన్ కూడా మాంట్రియల్ ప్రాంతంవారే.

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ జట్టు 1909లో ఫ్రెంచి మాట్లాడేవారి జట్టుగానే పుట్టింది. మాంట్రియల్‌లో ఫ్రెంచివారు అధికసంఖ్యాకులు. వాణిజ్యంలో, పెద్ద ఉద్యోగాలలో మాత్రం చిరకాలం ఇంగ్లీషుదే పైచేయి. 1955 మార్చిలో మోరిస్ రిషార్ అనే ఫ్రెంచి వీరుణ్ణి లీగు అధ్యక్షుడు మిగిలిన సీజనుకు నిషేధించినప్పుడు నగరవీథులలో అల్లర్లు చెలరేగాయి. ఒక క్రీడాకారునికి పడిన శిక్షను ఒక భాషాసమాజం తనకే పడిన శిక్షగా భావించింది.

1976 నాటి జట్టులో లాఫ్లూర్, లెమేర్, కూర్నోయే, సవార్, లపాంట్ ఫ్రెంచివారు. డ్రైడెన్, షట్, రాబిన్సన్, గేనీ ఒంటారియో నుండి వచ్చిన ఇంగ్లీషువారు. నవంబరు 15న ఫోరంలో ఆట జరుగుతుండగా క్విబెక్ రాష్ట్ర ఎన్నికల ఫలితాలు వెలువడ్డాయి. కెనడా నుండి విడివడాలని కోరే పార్టీ కెబెక్వా, రెనె లెవెక్ నాయకత్వాన 110 స్థానాలలో 71 గెలిచింది. ఆ వార్త ఫలకం మీద కనబడగానే ప్రేక్షకులలో కొందరు లేచి హర్షధ్వానాలు చేశారనీ, కొందరు మౌనంగా కూర్చుండిపోయారనీ డ్రైడెన్ 1983లో ప్రచురించిన ‘ద గేమ్’ అనే గ్రంథంలో వ్రాశారు. అంతవరకు ఒకే జట్టుకు కేకలు వేసినవారు ఒక్క క్షణంలో రెండుగా చీలిపోయారు. మంచు మీద ఉన్న జట్టుకు మాత్రం ఆట ముగించక తప్పదు. ఈ ఘట్టం చదివినప్పుడు మేము కొంతసేపు పుస్తకం మూసి ఊరకున్నాము. ఉత్సవాలలో పక్కపక్కన కూర్చునే మిత్రులు ఎన్నికల ఫలితాలనాడు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోవడం మనకూ తెలియనిది కాదు.

జట్టు చీలలేదు. వెన్నునొప్పితో కెప్టెన్ కూర్నోయే చివరి పోటీలకు దూరమైనా, సెయింట్ లూయిస్‌ను 4–0తోను, న్యూయార్క్ ఐలండర్స్‌ను 4–2తోను దాటి, అంతిమ పోటీలో బోస్టన్‌ను వరుసగా నాలుగు ఆటలలో ఓడించింది. మే 14న అదనపు సమయంలో లెమేర్ వేసిన గోల్‌తో కప్పు దక్కింది. ఆగస్టులో ఫ్రెంచిని రాష్ట్ర అధికారభాషగా స్థిరపరచే నూతన చట్టం వచ్చింది. ఆ తరువాతి సంవత్సరాలలో ఇంగ్లీషు కుటుంబాలు అనేకం నగరం విడిచి వెళ్లాయి. గేనీ అక్కడే ఉండి ఫ్రెంచి మాట్లాడడం నేర్చుకొన్నారు. 1981లో ఆయన కెప్టెన్ అయ్యారు. 1986లో మాంట్రియల్ మళ్లీ కప్పు గెలిచినప్పుడు దానిని అందుకొన్నదీ ఆయనే.